రెడీ మేస్త్రి, మా బాత్‌రూమ్ తలుపు

మొన్నమొన్నటిదాకా మా బాత్‌రూమ్‌కి తలుపు లేదు. అది ఉండాల్సిన చోట ఓ పాత దుప్పటి రెండు మేకులకు వేలాడుతూ ఉండేది. తలుపు రెడీగానే ఉందట. ఎక్కడ? మేస్త్రి కొట్లో. ఎప్పటినుంచి? వానలప్పటినుంచి. వానలు వెళ్ళాయి, చలి వచ్చి వెళ్ళింది, ఫ్యాను కింద కూర్చున్నా చెమటలు పట్టే రోజులొచ్చాయి. తలుపు మాత్రం రెడీగానే ఉంది.

లోపల మనిషి ఉన్నట్టు బయటివాళ్ళకు తెలియాలి కనుక పాట పాడాలని ఇంట్లో చట్టం చేసుకున్నాం. మా ఆయన గొంతు సంగతి పెళ్ళయిన కొత్తలోనే తెలుసు గానీ మరీ ఇంత వివరంగా తెలియదు. నాకు పాటలు రావు. ఎక్కాలు చదివేదాన్ని. పదమూడో ఎక్కం దగ్గర ఎప్పుడూ తడబడి, సబ్బు కళ్ళలో పడి, మేస్త్రిని తిట్టుకుంటూ మళ్ళీ మొదలుపెట్టేదాన్ని. మా అత్తయ్య పాడదు, చదవదు, దగ్గుతుంది. కూరలో ఉప్పు ఓ పలుకు తక్కువైతే వారం రోజులు గుర్తుచేసే మనిషి, ఆ దుప్పటి గురించి మాత్రం ఒక్క మాటా అనలేదు. నేనూ మా ఆయనా గింజుకుంటుంటే ఆవిడ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చునేది. అది నాకు ఇంకా మంట.

ఇక మేస్త్రి సంగతి. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. చెవి మీద పెన్సిలు, కనుబొమ్మల మీద రంపపు పొట్టు. అసలు పేరు ఏమిటో ఎవరికీ తెలియదు. రెడీ మేస్త్రి ఇల్లెక్కడ అంటే పక్క వీధివాళ్ళు కూడా దారి చూపిస్తారు. ఇంగ్లీషువాడు ఆ మాటను ఏ వేళ పుట్టించాడో గానీ, దాన్ని ఇన్ని రకాలుగా సాగదీయొచ్చని వాడికీ తెలిసి ఉండదు. చెవి మీది పెన్సిలు తీసి దాని మొన చూస్తూ "రెడీ అమ్మా" అన్నాడంటే, మన పని ఒకటుందని అతనికి ఇప్పుడే గుర్తొచ్చిందన్నమాట. "రెడీయే అనుకోండి" అంటే ఇంకా కర్ర కొనలేదు. "రెడీ, చిన్న ఫినిషింగ్ ఉంది" అంటే కర్ర కొన్నాడు, కొయ్యలేదు. "మీరు రెడీగా ఉండండి, వచ్చేస్తున్నా" అంటే మనం ఆఫీసుకు సెలవు పెట్టి, గుమ్మంలో కూర్చుని, చీకటి పడేదాకా వీధిన పోయేవాళ్ళను చూసుకోవచ్చు.

అతన్నొక్కణ్ణే అనడం దేనికి? మా ఆయన "నేను రెడీ" అంటే ఒక కాలికి మేజోడు ఎక్కినట్టు. మా ఆఫీసులో పెద్దాయన "ఫైలు రెడీగా పెట్టు" అంటే రేపు కూడా చూడనని చెప్పడం. మా తోడికోడలు "నేనెప్పుడూ రెడీయే" అంటే అది కచ్చితంగా పోట్లాటకే. ఒక్క మాట, నోటికో అర్థం. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని మనవాళ్ళు అంత పొడుగు సామెత చెప్పారు. మేస్త్రి దాన్ని రెండక్షరాలకు కుదించాడు.

పోనీ పనిలో లోపముందా అంటే లేదు. అదే కడుపుమంట. అతను బిగించిన కిటికీ రెక్కను చిటికెన వేలితో తోస్తే కదులుతుంది, చప్పుడు లేకుండా వచ్చి తన చోట కూర్చుంటుంది. మా వంటింటి అలమర అతను చేసిందే. ఇన్నేళ్ళయినా ఒక్క సొరుగూ మొరాయించలేదు. అందుకే తిట్టిన నోటితోనే మళ్ళీ అతన్నే పిలుస్తాం. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఎవరైనా అంటే, ఈ వీధిలో అడుసు అదొక్కటే మరి.

పైగా అతనిదో పద్ధతి ఉంది. పని ఒప్పుకున్న రోజే ఇంట్లోంచి ఏదో ఒక ముక్క ఊడదీసి పట్టుకుపోతాడు. కుర్చీ అయితే ఒక చెయ్యి, మంచమైతే ఒక కోడు, బీరువా అయితే మధ్య సొరుగు. ఆ తరవాత మనం ఇంకో వడ్రంగిని పిలవలేం. వచ్చినవాడు "మిగతాది ఏదమ్మా?" అంటాడు. అలా మన పిలక మేస్త్రి చేతిలో ఉంటుంది. అతని కొట్లోకి వెళ్ళి చూస్తే వీధిలో ఏ ఇంట్లో ఏ అవయవం తక్కువో తెలిసిపోతుంది.

మా ఇంట్లో తక్కువైంది తలుపు. అది మంచి ముసురు పట్టిన రోజు. నేను ఆఫీసునుంచి వచ్చేసరికి అత్తయ్య ముంజేతికి తడిగుడ్డ చుట్టుకుని వరండాలో కూర్చుని ఉంది. ఏమైందంటే కుళాయికి తగిలిందంది. కాసేపాగి, "బాత్‌రూమ్ తలుపు తడికి ఉబ్బి పట్టేస్తోంది. మేస్త్రికి కబురు పెట్టు" అంది. కబురు పెట్టాను. జన్మలో లేనిది, మర్నాడే వచ్చాడు. తలుపు ఊడదీశాడు, భుజాన వేసుకున్నాడు. "రెడీ అయిపోతుందమ్మా, చిత్రిక పట్టడమేగా" అంటూ వానలోనే వెళ్ళిపోయాడు. మేం దుప్పటి కట్టుకున్నాం.

ఆ తరవాత అతని కొట్టుకూ మా ఇంటికీ మధ్య కాళ్ళకు బలపాలు కట్టుకుని తిరిగాను. వెళ్ళిన ప్రతిసారీ తలుపు రెడీయే. ఒకసారి రంగు ఆరాలి. ఒకసారి బందులు మంచివి దొరకలేదు. ఇంకోసారి బండి చెడిపోయింది. ఇంకోసారి అతనికి నడుం పట్టేసింది. అబద్ధం చెప్పడం కూడా సరిగ్గా రాదు మనిషికి. చెప్పేటప్పుడు నా మొహం చూడడు, పెన్సిలు వంక చూస్తాడు. చిలక్కి చెప్పినట్టు చెప్పాను, అరిచాను, మా ఆయన్ని పంపాను. ఆయన వెళ్ళి టీ తాగి, "రెడీ అయిందట" అని చెబుతూ తిరిగొచ్చాడు. తల ప్రాణం తోకకొచ్చింది.

చివరికి నేనూ మా ఆయనా ఒక నిర్ణయానికొచ్చాం. మేస్త్రి తలుపు మేస్త్రి దగ్గరే ఉండనీ, రెడీమేడ్ ప్లాస్టిక్ తలుపు ఒకటి తెచ్చి బిగించేద్దాం. దుకాణంవాడితో మాట్లాడాం. ఆదివారం మనిషి వచ్చి పెట్టేస్తానన్నాడు. ఆ రాత్రి అన్నాల దగ్గర ఈ శుభవార్త చెప్పాను. అత్తయ్య తింటున్న చెయ్యి ఆగిపోయింది.

"ఆదివారమా?" అంది.

"అవునత్తయ్యా. ఇక దగ్గక్కర్లేదు మీరు."

ఆవిడ నవ్వలేదు. మర్నాడు సాయంత్రం నేను వచ్చేసరికి మంచం మీద ఆవిడ సంచి ఉంది. చీరలు మడతపెట్టి అందులో సర్దుతోంది.

"పెద్దాడి దగ్గరికి పోయి కొన్నాళ్ళుంటాను. శనివారం రాత్రి వచ్చి తీసుకెళ్ళమని చెప్పాను."

పెద్దాడంటే మా బావగారు. ఆ ఇంట్లో అత్తయ్యకూ మా తోడికోడలికీ ఒక్క పూట పొసగదు. కిందటిసారి వెళ్ళి, వచ్చాక పది రోజులు అన్నం సరిగా తినలేదు ఈవిడ. అక్కడ టీవీ పెట్టుకోవాలన్నా అడగాలి. అలాంటి చోటికి తనంతట తాను సంచి సర్దుకుంటోంది!

"ఏమైందత్తయ్యా? నేనేమన్నా అన్నానా?"

"నువ్వేమంటావు? అక్కడైతే ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరుంటారు. అంతే."

ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. నేను ఉద్యోగానికి పోతానని దెప్పిపొడుపన్నమాట! ఒళ్ళు మండిపోయింది. మండడం కంటే ఎక్కువగా బాధ కలిగింది. ఎందుకంటే నా పెళ్ళయిన కొత్తలో ఉద్యోగం మానెయ్యమని ఇల్లంతా ఒక్కటైతే, "మానదు, ఇల్లు నేను చూసుకుంటా" అని అడ్డం నిలబడ్డది ఈవిడే. సాయంత్రం నేను చెప్పులు విప్పేసరికి పొయ్యి మీద టీ ఉంటుంది. ఆఫీసులో ఎవరేమన్నారో రోజూ అడిగేది మా ఆయన కాదు, అత్తయ్య. అత్తగారు వెళ్ళిపోతుంటే కోడలు ఏడుస్తుందంటే నమ్మేవాళ్ళు తక్కువ. నేను వంటింట్లోకి పోయి కాసేపు ఏడ్చాను. తరవాత ఆ కోపమంతా ఎవరి మీద పెట్టుకోవాలో తెలియక మేస్త్రి మీద పెట్టుకున్నాను. అతను టైముకు తలుపిచ్చి ఉంటే ఇదంతా ఉండేదే కాదనిపించింది. ఎందుకలా అనిపించిందో నాకే తెలియదు గానీ, కోపానికి లెక్కలు రావు కదా.

శనివారం ఆఫీసు సగం పూటే. తిన్నగా కొట్టుకు వెళ్ళాను. మేస్త్రి లేడు. అతని భార్య గుమ్మం దగ్గర కూర్చుని ఓ బల్ల కాలికి గరుకు కాగితం పెట్టి రుద్దుతోంది.

"ఏడీ మీ ఆయన?"

"టీకి వెళ్ళాడు, వచ్చేస్తాడు. రండమ్మా, కూర్చోండి. తిట్టడానికేనా? తిట్టండి, నాకూ కాస్త సాయం ఉంటుంది" అంటూ స్టూలు జరిపింది. "మీరు కొన్ని నెలలుగా తిడుతున్నారు. నేను పెళ్ళినాటినుంచీ తిడుతున్నా. పెళ్ళికి మంచం చేస్తానన్నాడు. రెడీ అన్నాడు. మూడు కోళ్ళు చేశాడు. నాలుగోది ఇవాళ్టికీ ఇటుకలే."

కోపంలో ఉండి కూడా నవ్వు వచ్చింది. "మరి ఎలా వేగుతున్నావు?"

"ఏం చేస్తాం? తప్పు మా నాన్నది. ఈయన మా నాన్న దగ్గరే పని నేర్చుకున్నాడు. 'అయిందా?' అని నాన్న అడిగినప్పుడు 'ఇంకా లేదు' అంటే వీపు మీద కొలబద్ద విరిగేది. 'రెడీ' అంటే నాన్న అటు తిరిగిపోయేవాడు. అప్పుడు నిదానంగా, శుభ్రంగా పని చేసుకునేవాడు. ఆ నోరు అలా తిరిగిపోయింది. ఇక మారదు."

అంతలో మేస్త్రి వచ్చాడు. నన్ను చూసి గుమ్మంలోనే ఆగి, చెవి మీద పెన్సిలు తడుముకున్నాడు.

"తలుపు చూపించు" అన్నాను.

"రెడీ అమ్మా, కాకపోతే..."

"ఆ మాట ఇంకోసారి అన్నావంటే నీ నోటికి గడియ పెడతా. నాకు కంటికి కనపడాలి. చేతికి తగలాలి. లేదంటే లేదని చెప్పు, ఇవాళ్టితో నీకో దణ్ణం."

అతను భార్య వంక చూశాడు. ఆమె రుద్దడం ఆపి, "చూపించు, ఎన్నాళ్ళని దాస్తావు?" అంది. మేస్త్రి మూలకు వెళ్ళి, గోడకు ఆనించి ఉన్న దాని మీదినుంచి గోనెపట్టా లాగాడు.

మా తలుపు. చిత్రిక పట్టి, అంచులు సరిచేసి, రంగు వేసి ఉంది. కొత్త బందులు కూడా బిగించేశాడు. రంగు ఎప్పుడో ఆరిపోయింది, దాని మీద దుమ్ము కూడా పేరుకుంది.

"ఎప్పుడైంది ఇది?"

"తెచ్చిన వారంలోనే అయిందమ్మా."

"వారంలోనా? మరి ఇన్ని నెలలూ నాతో ఆడుకున్నావా?"

"రెండుసార్లు బండి మీద వేసుకుని మీ ఇంటికి తెచ్చాను. మీరు ఆఫీసులో ఉన్నారు. రెండుసార్లూ పెద్దమ్మగారు గుమ్మంలోనే ఆపేశారు. 'నేను చెప్పేదాకా తేవద్దు. వాళ్ళు అడిగితే ఏదో ఒకటి చెప్పు, నీకు అలవాటేగా' అన్నారు."

"ఎందుకో అడగలేదా?"

"పెద్దావిడ, చేతులు పట్టుకున్నారమ్మా. ఎలా అడుగుతా? మీరు తిట్టారు, సారు కూడా వచ్చారు. తిట్లు నాకు కొత్తా? కాకపోతే ఈ ఒక్కసారీ రెడీ అని నిజమే చెప్పాను. అదే మీరు నమ్మలేదు."

అతని గొంతులో నిష్ఠూరం వినిపించింది. అతనే తలుపు దగ్గరికి వెళ్ళి, వంగి, కింది భాగం చూపించాడు. "ఇక్కడొక్కచోటే బాగా రాలేదు. మీ ఇంట్లో పిల్లలెవరో దేంతోనో కొట్టినట్టున్నారు, అన్నీ సొట్టలు. లప్పం పెట్టి పూడ్చాను. ఇంకో పూత వేస్తే కనపడవు."

"మా ఇంట్లో పిల్లలు లేరు" అన్నాను.

కూర్చుని చూశాను. తలుపుకు లోపలివైపు, కిందుగా, లప్పం పూసినా మచ్చలు తెలుస్తున్నాయి. చెయ్యి పెట్టి తడిమాను. నెలవంకల్లాంటి గాట్లు, ఒకదాని మీద ఒకటి. అంత కిందుగా నిలబడ్డ మనిషి కొట్టదు. నేల మీద కూర్చుండిపోయిన మనిషి చెయ్యి అక్కడికే అందుతుంది. మా స్టీలు మగ్గు గుర్తొచ్చింది. దాని అంచు వంగి ఉంటే, "ఎక్కడ పడేశారత్తయ్యా, కొత్తది" అని నేనే గునిశాను. జారిపోయిందంది. ముంజేతికి తడిగుడ్డ గుర్తొచ్చింది. 'అక్కడైతే ఎప్పుడూ ఎవరో ఒకరుంటారు' అన్న మాట కూడా.

ఆ పొట్టులోనే చతికిలబడ్డాను. ఎంతసేపు కొట్టిందో. ఎవరిని పిలిచిందో. మేం ఇద్దరం ఎక్కడెక్కడో ఫైళ్ళు తిరగేస్తున్నాం.

"మేస్త్రీ, ఈ తలుపు లోపలికి తెరుచుకుంటుంది కదా. బయటికి తెరుచుకునేలా చెయ్యగలవా?"

"ఎందుకు చెయ్యలేను? బందులు అటు మార్చాలి, గుమ్మానికి లోపలి గాడి పూడ్చి బయటివైపు తియ్యాలి. అడుగున ఇంకాస్త చెక్కేస్తే ఏ వానకూ పట్టదు. వచ్చే వారానికి రె..."

నా మొహం చూసి ఆగిపోయాడు.

"ఇప్పుడు. నేను ఇక్కణ్ణుంచి లేవను. రాత్రికి మా అత్తయ్యను తీసుకెళ్ళిపోతారు."

ఆ మనిషి అప్పుడు నన్నేమీ అడగలేదు. పెన్సిలు తీశాడు, ఉలి అందుకున్నాడు. అతని భార్య బల్ల కాలు పక్కన పడేసి తలుపు రెండో అంచు పట్టుకుంది. పనిలో పడ్డాక మేస్త్రి వేరే మనిషి. మాట లేదు, చూపు అటూ ఇటూ పోదు. చిత్రిక కింద చెక్క సన్నటి చుట్టలుగా లేచి నా కాళ్ళ దగ్గర పడింది. ఈ చేతులకు ఆ నోరెలా అంటుకుందా అనుకున్నాను. నేను అక్కణ్ణుంచే ప్లాస్టిక్ తలుపు దుకాణానికి ఫోను చేసి వద్దన్నాను. దుకాణంవాడు "అయ్యో, అంతా రెడీగా ఉందమ్మా" అన్నాడు. పెట్టేశాను.

చీకటి పడేలోపే ఇంటి ముందు బండి ఆగింది. తలుపును చూడగానే అత్తయ్య మొహం మాడిపోయింది. మేస్త్రి ఆవిడ వంక చూడలేక, "నేనేం చెప్పలేదు పెద్దమ్మగారూ" అని ఇంకో అబద్ధం చెప్పి, గబగబా గుమ్మం పనిలోకి దిగాడు. బిగించేశాక నేను దుప్పటి లాగి పారేసి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాను.

"అత్తయ్యా, బయటినుంచి లాగండి. ఒక్క వేలితో."

తలుపు మెల్లగా బయటికి జరిగింది. ఆవిడ చూపుడువేలు అంచు మీద ఉంది.

"ఇప్పుడు మీరు లోపలినుంచి తొయ్యండి. కాలితోనైనా సరే."

తోసింది. తెరుచుకుంది. మళ్ళీ వేసి మళ్ళీ తోసింది. ఇంకోసారి, ఇంకోసారి. మేస్త్రి సుత్తి చేత్తో పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

"గడియేదీ?" అంది.

"లేదు. వద్దన్నాను."

"ఎవరైనా వస్తే?"

"పాటలున్నాయి కదా. మీ అబ్బాయికి ఇంకా చాలా వచ్చట."

ఆవిడ నవ్వబోయి ఆగింది. మేస్త్రి సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు. తరవాత మంచం మీద సంచి పక్కన కూర్చుని, "నీకు ఆ గాట్లు కనపడ్డాయా?" అంది.

"కనపడ్డాయి."

"కరెంటు కూడా పోయింది ఆ వేళ. కాలు జారి కూలబడ్డాను. లేవలేకపోయాను. తలుపు రాదు. ఎంత పిలిస్తే మాత్రం, ఇంట్లో ఎవరున్నారు పలకడానికి? మగ్గుతో కొడుతూ ఉంటే ఎప్పటికో అదే వదిలింది." కొంగుతో మూతి తుడుచుకుంది. "తలుపు వేసుకోవడమంటే ఆ తరవాత నా వల్ల కాలేదే."

"మరి చెప్పొచ్చు కదా అత్తయ్యా! ఇన్ని నెలలు ఆ మనిషిని నాతో తిట్టించి, దుప్పటి కట్టించి, నాతో ఎక్కాలు చదివించి... ఒక్క మాట చెబితే పోయేదేముంది?"

"నీ ఉద్యోగం పోయేది" అంది ఆవిడ. "చెబితే మానేసి కూర్చుంటావు. నాకు తెలియదా నీ సంగతి?"

తిట్టాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేశాను. బావగారు వస్తే టీ ఇచ్చి పంపించాం. సంచి మళ్ళీ మంచం కిందికి పోయింది.

సోమవారం పొద్దున్న నేను ఆఫీసుకు తయారై, బ్యాగు భుజాన వేసుకుని వచ్చేసరికి అత్తయ్య తువ్వాలుతో బాత్‌రూమ్ ముందు నిలబడి ఉంది. "నువ్వు వెళ్ళకముందే స్నానం చేసేస్తా" అంది. లోపలికి వెళ్ళి తలుపు వేసింది. ముందు సగం, తరవాత పూర్తిగా.

"ఉన్నావా?"

"ఉన్నానత్తయ్యా."

కాసేపటికి మళ్ళీ. "ఉన్నావా?"

"ఉన్నా."

బస్సు వేళ దాటిపోతోంది. ఆఫీసులో పెద్దాయన మొహం కళ్ళ ముందు ఆడుతోంది. ఇక ఆగలేక, "అయిందా అత్తయ్యా?" అని కేకేశాను.

"ఆ, రెడీ!" అంది ఆవిడ. అప్పుడే లోపల మొదటి మగ్గు నీళ్ళు పడ్డ చప్పుడైంది.

బ్యాగు దించి కింద పెట్టి, గోడకు ఆనుకుని నిలబడ్డాను.

"ఉన్నావా?"

"ఉన్నా" అన్నాను.